పుప్పొడికి ఈత రాదు

సైదా సాహెబ్ దేన్నైనా నమ్మాలంటే అది ముందు ఊదారంగుకు తిరగాలి. తిరిగితే అది వస్తువు. తిరక్కపోతే, అది పెళ్ళివిందే కానీ, తాసిల్దారు గారింటి షర్బతే కానీ, ఆయన దృష్టిలో ఉత్త నీళ్ళే.

ఇందుకు కావలసిన సరంజామా అంతా ఆయన ఖాకీ కోటు జేబుల్లో ఉండేది. ఎడమ జేబులో సోడాకారం నీళ్ళ బుడ్డి, కుడి జేబులో మైలుతుత్తం నీళ్ళ బుడ్డి, పై జేబులో మూడు గాజుగొట్టాలు. కోటు నిండా సోడాకారం కొరికిన చిల్లులు. తినేదేదైనా సరే, చిటికెడు తీసి నలిపి గొట్టంలో వేస్తాడు. ఎడమ బుడ్డిలోది కొంచెం పోస్తాడు, కుడి బుడ్డిలోది రెండు చుక్కలు వేస్తాడు, గొట్టాన్ని ఎండకు పట్టి ఒక కన్ను మూస్తాడు. అందులో ప్రోటీను ఉంటే నీలం కాస్తా ఊదా అవుతుంది. లేకపోతే నీలం నీలంగానే మిగిలిపోతుంది. ప్రోటీను అనే మాట నంద్యాలలో నలుగురికి కూడా తెలియని రోజులు గనక, ఆయన దాన్ని సత్తువ అనేవాడు.

తాతముత్తాతలు చీరలకు రంగులద్దిన వంశం ఆయనది. మనకు ఒక ఊదా కనిపించేచోట ఆయనకు ఏడు కనిపించేవి. అన్నిటికంటే పలచనిది ఉల్లిపొర. నడిమధ్యది వంగపువ్వు. అన్నిటికంటే చిక్కనిది నేరేడు. రంగు గురించి అబద్ధమాడే రంగరేజుకు అన్నం పుట్టదని వాళ్ళ నాయన ఒట్టు పెట్టించుకున్నాడట. అందుకని సైదా సాహెబ్ రంగు గురించి అబద్ధమాడడు. ఎవరి పరువు గంగలో కలిసినా సరే, ఆడనంటే ఆడడు.

సొంత మేనమామ కొడుకు పెళ్ళివిందులో పదిమంది ముందర దాల్చా పప్పును గొట్టంలో పోశాడు. ఎండకు పట్టి, "ఉల్లిపొర. దీంట్లో పప్పు లే. పప్పు కడిగిన నీళ్ళు ఉండాయి" అన్నాడు. వంటమనిషి గరిటె ఎత్తి మీదికొచ్చాడు. ఆ పెనుగులాటలో వంటమనిషి చంకలో మూట జారి, నాలుగు శేర్ల కందిపప్పు విస్తళ్ళ మధ్య పారింది. సైదా సాహెబ్ మాటే నిజమైంది. అయినా చుట్టాలు మూడేళ్ళు ఆయన్ను ఏ విందుకూ పిలవలేదు. పాలవాడైతే ఆయనుండే సందు మొగదలకు రాగానే బిందె నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవాడు.

"నిఖా నాడు నా గోరింటాకు చూసి ఏమన్నాడో తెలుసునా? ఎరుపు బాగుండాది, ఊదా అయితే ఇంకా బాగుండు అన్నాడు" అని ఆయన భార్య అమీర్‌బీ ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వేది.

ఇంతకూ ఆయన ఉద్యోగం, కుందూ ఏటి గట్టున ఉన్న విత్తనాల తోటలో ల్యాబొరేటరీ అటెండరు. తోట ఆళ్ళగడ్డ ఉమామహేశ్వరమ్మ గారిది. ల్యాబొరేటరీ అంటే ఒక గది, ఒక బల్ల, ఒక పగిలిన అద్దాల బీరువా. అంతకుముందున్న కెమిస్టు ఒకాయన ఈ ఊదా విద్య నేర్పి, బుడ్లు అప్పగించి వెళ్ళిపోయాడు. మళ్ళీ కెమిస్టు రాలేదు. అటెండరే కెమిస్టయ్యాడు, జీతం మాత్రం అటెండరుది.

ఈ మనిషి అంకమ్మకు మొదటిరోజే ఒళ్ళు మండించాడు.

అది యాభై ఆరో సంవత్సరం, నవంబరు. కొత్త రాష్ట్రం వచ్చి, రాజధాని కర్నూలు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయిన నెల. అంకమ్మ మొగుడు జ్వరంతో పోయి అప్పటికి ఏడాది. ఊళ్ళో ఉన్న ఎకరా చెక్కను మరిది కలుపుకున్నాడు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు ఆమె. కొడవలి గోడకు తగిలించి, కుందూ దాటి వచ్చి, పువ్వుపని ఇస్తారా అని తోట గేటు ముందు నిలబడింది. పువ్వుపనికి ఓపికున్న వేళ్ళు కావాలి. ఆమెకు ఉన్నాయి. తీసుకున్నారు.

మొదటి మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దిమూట విప్పింది. ఎదురుగా ఖాకీ కోటు వచ్చి గొంతుక్కూర్చుంది.

"ఏందమ్మా తెచ్చినావ్?"

"సంగటి. మిరపకాయ కారెం. నీకెందుకు?"

అడిగినా అడక్కపోయినా ఒకటే. చిటికెడు సంగటి గొట్టంలోకి పోయింది. చుక్కలు పడ్డాయి. ఆయన ఒక కన్ను మూశాడు.

"థూ! నీలమే! పోనీ ఉల్లిపొరన్నా రాలే. గోడకు పూసుకునే సున్నం కంటె అధ్వాన్నం ఇది."

"నా సంగటిని సున్నమంటావా? నీ కోటు చూసుకున్నావా, జల్లెడ మాదిరుండాది!" అంది అంకమ్మ.

ఆడోళ్ళంతా పకపకా నవ్వారు. సైదా సాహెబ్‌కు కోపం రాలేదు. జేబులోంచి రెండు ఉడకబెట్టిన గుడ్లు తీశాడు. ఒకదాన్ని గోటితో గిల్లి గొట్టంలో వేశాడు. "ఇదీ! నేరేడు అంటే ఇదీ! కండ్లు తెరిచి చూడు" అన్నాడు. రెండో గుడ్డును ఆమె ముందు పెట్టాడు. "ఇది పరీక్షకు తెచ్చింది. మిగిలింది. ఇంటికి తీసకపోతే మా బీబీ తిడ్తాది. తింటే తిను, లేకుంటే కాకికెయ్."

కాకికెందుకని అంకమ్మే తింది. మరుసటిరోజూ అదే వరస. మళ్ళీ సంగటిని తిట్టడం, మళ్ళీ గుడ్డును గిల్లడం, మళ్ళీ ఒకటి మిగలడం. ఇంతటి తెలివితక్కువవాడు, రోజుకు ఒక గుడ్డు చాలని ఇన్నేండ్లయినా తెలుసుకోలేదే అనుకునేది అంకమ్మ.

ఇక పువ్వుపని సంగతి. రెండు రకాల పత్తిని కలిపి కొత్త విత్తనం పుట్టించడం ఆ తోటలో పని. ఆడమొక్కలు నంద్యాలలో, మగమొక్కలు ముప్పై మైళ్ళ లోపు దూరాన ఆళ్ళగడ్డలో. సాయంత్రం పూట రేపు విచ్చుకోబోయే మొగ్గను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులన్నీ గీకేసి, కాగితం గొట్టం తొడుగుతారు. పొద్దున మొదటి బస్సుకు ఆళ్ళగడ్డ నుంచి మగపువ్వులు రేకుపెట్టెలో వస్తాయి. మేనేజరు రంగయ్య వాటిని తలా ఒక డబ్బాలో పంచుతాడు. ఆ పుప్పొడిని ఒలిచిన పువ్వు నడినెత్తిన అద్ది, ఎవరి దారం వాళ్ళు కట్టాలి. యశోదమ్మది పసుపు దారం. అంకమ్మకు తెల్లదారం ఇచ్చాడు రంగయ్య. ఎందుకని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

పుప్పొడి అద్దిన మూడోరోజు సైదా సాహెబ్ బ్లేడు పట్టుకుని వరసల్లోకి వచ్చేవాడు. ఒక్కొక్కరి దారం దగ్గర పదేసి పిందెలు కోసుకుపోయేవాడు. కొయ్యని పిందెల్లో నిలిచినవెన్ని, రాలినవెన్ని అని రంగయ్య వేరే చూసుకునేవాడు.

"నాకున్నదే నాలుగు పిందెలు! దాంట్లో నీ వాటా ఏందప్పా?" అని అంకమ్మ అడ్డం తిరిగింది ఒకనాడు.

"రా, చూపిస్తా" అని ఆయన ల్యాబొరేటరీ గదికి తీసుకుపోయాడు. యశోదమ్మ పిందెలు పది ఒక గొట్టంలో, ఎవరూ పుప్పొడి అద్దకుండా వదిలేసిన పువ్వుల పిందెలు పది ఇంకో గొట్టంలో. నలిపాడు, గుడ్డలో వడగట్టాడు, చుక్కలు వేశాడు. మొదటిది కొంచెం కొంచెంగా నేరేడుకు తిరిగింది. రెండోది నీలంగానే కూర్చుంది.

"పుప్పొడి నెత్తిన పడితే కింద పిందెకు కబురు పోతాది. ఆ పుప్పొడి ఇంకా దారిలోనే ఉంటాది, లోపలికి దిగేదానికి ఒక దినం పడ్తాది. పిందె ఆగుతుందనుకున్నావా? ఆగదు. చుట్టాలు ఊరిబైట బస్సు దిగినారని తెలిస్తే నువ్వేం చేస్తావ్? పొయ్యి ముట్టిస్తావ్ గదా? ఇదీ అంతే. రాబోయే బిడ్డలకు సత్తువ వండేదానికి మొదలుపెడ్తాది. ఆ సత్తువే ఈ ఊదా."

"కబురు రాకపోతే?"

"పొయ్యి ముట్టించదు. రెండు మూడు దినాలు చూస్తాది, రాలిపోతాది."

అంకమ్మ ఆ గొట్టాలను చాలాసేపు చూసింది. పిచ్చోడే కానీ, పిచ్చిలో ఏదో పద్ధతుంది అనుకుంది. పైకి మాత్రం, "సరేగానీ నా పిందెల జోలికి రావద్దు" అంది.

రావడమే కాదు, ఆమె పిందెలే ఎక్కువ కొయ్యవలసి వచ్చింది. ఎందుకంటే అవే రాలుతున్నాయి.

మొదటివారం చెయ్యి తిరగక, పదింటికి నాలుగే నిలిచాయి. కొత్తవాళ్ళకు అది మామూలే. యశోదమ్మకు ఏడు నిలుస్తాయి. యశోదమ్మ అయిదుగురు కొడుకుల తల్లి, మూరెడు జడ, చేతినిండా గాజులు. విత్తనమేసే కాలం వచ్చిందంటే మొదటి గుప్పెడు వెయ్యమని చుట్టుపక్కల పల్లెలన్నీ ఆమెను బండి కట్టి తీసుకుపోయేవి. మంచి చెయ్యి అంటే యశోదమ్మ చెయ్యి. మేనేజరు రంగయ్య ఆ చేతినీ చూశాడు, అంకమ్మ బోసి చేతినీ చూశాడు. ఇంకేముంది, జబ్బు దొరికింది.

రంగయ్య చెడ్డమనిషి కాదు. భయస్తుడు. భయస్తుడికి భక్తి తోడైతే చెంబు చేతికొస్తుంది. మహానంది కోనేటి నీళ్ళు ఒక చెంబుతో తెప్పించి, పొద్దున్నే పువ్వులు పంచేటప్పుడు అంకమ్మ డబ్బాలోని మగపువ్వుల మీద పరిహారంగా చిలకరించడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళ చేతులు మంచివే గనక వాళ్ళకు అక్కర్లేదన్నాడు.

అంకమ్మ పిందెలు నాలుగుకు బదులు రెండు నిలిచాయి. రంగయ్య ఊరుకోలేదు. చిలకరింపు మాని దోసిలితో పోశాడు. ఒకటి నిలిచింది. రెండు దోసిళ్ళు పోశాడు. ఆ వారం తెల్లదారం కట్టిన పువ్వు ఒక్కటీ నిలవలేదు. ఎంత రాలితే అంత పోశాడు, ఎంత పోస్తే అంత రాలింది. పోసినకొద్దీ ఆయన అనుమానం గట్టిపడింది. దేవుని నీళ్ళకే లొంగలేదంటే ఈయమ్మ చెయ్యి ఎంత చెడ్డదో చూడండి అని తోటంతా చెప్పాడు.

చివరికి చెట్టుకింద అందరి ముందరే తేల్చేశాడు. "శనివారం ఆళ్ళగడ్డ పోయి అమ్మగారికి లెక్క చూపియ్యాల. ఆడనే నిన్ను తీసేసినట్టు చెప్పి వస్తా."

"తీసేస్తే తీసెయ్ సామీ. చెయ్యి మంచిది కాదనే మాట మాత్రం అనొద్దు."

"లేని మాట నేనేమన్నా అంటాండానా?"

అంకమ్మ పైకి నవ్వింది. పని పోతే ఇంకో పని. ఆ మాట అట్లా కాదు. ఒకసారి అంటుకుంటే పోదు. విత్తనమెయ్యడానికి పిలవరు, కలుపుకు పిలవరు, కోతకు కూడా ఆఖర్న పిలుస్తారు. నంద్యాల నుంచి అవుకు దాకా ఏ మడిగట్టు మీదా ఆమెను కాలు పెట్టనివ్వరు. ఆమెకున్న ఆస్తి ఆ రెండు చేతులే.

ఆ మధ్యాహ్నం కూడా ఖాకీ కోటు వచ్చి గొంతుక్కూర్చుంది.

"పో సైదన్నా. నా సంగటి నీలమే. నా పిందెలూ నీలమే. నా బతుకే నీలం. ఇంక పరీక్ష లే."

"అది గాదమ్మా. నాకొక పరేషాన్ వచ్చింది. గురువారం కట్టిన పసుపు దారం పిందెలు కోసినా. నేరేడొచ్చింది. యశోదమ్మవేనని రాసుకున్నా. ఇప్పుడేమో ఆయమ్మ గురువారం పనికే రాలేదంటాది."

"యాడొచ్చింది? కొడుకుకు పిల్లను చూసేదానికి పోలే? ఆ పొద్దు ఆయమ్మ వరస నేనే చేసినా. ఆయమ్మ డబ్బాతో, ఆయమ్మ దారంతో."

సైదా సాహెబ్ గొంతుక్కూర్చున్నవాడల్లా వెనక్కి కూలబడ్డాడు. "నీ చేత్తోనే?"

"కాలితో చేస్తారా?"

"నీ చేత్తోనే నేరేడొచ్చిందా! అయితే చెయ్యి గాదు. డబ్బా! డబ్బాలో ఏందో ఉండాది. చెప్పమ్మా, ఆ డబ్బాకూ నీ డబ్బాకూ ఏం తేడా?"

అంకమ్మ ఆలోచించింది. "ఆయమ్మ డబ్బాలో పువ్వు పొడిపొడిగా ఉండె. తడితే పుప్పొడి పొగ లేచినట్టు లేచె. నా డబ్బాలో అట్లుండదు. ఉండకట్టి ఉంటాది, తడిసిన పసుపు మాదిరి. మేనేజరు సామి నీళ్ళు పోస్తాడు గదా."

"నీళ్ళా! యాడ? ఎప్పుడు?"

పొద్దున పువ్వులు పంచే వేళకు ఆయన గదిలో గాజుగొట్టాలు కడుక్కుంటుంటాడు. నెలరోజులుగా తోటంతా చూస్తున్న చెంబును చూడనివాడు ఆయనొక్కడే. సంగతంతా విని తల బాదుకున్నాడు. తర్వాత కోటు చిల్లులన్నీ అదిరేటట్టు నవ్వాడు.

"అరె, పుప్పొడికి ఈత రాదు గదమ్మా! వాన పడిన పొద్దు పత్తి ఎందుకు నిలవదనుకున్నావ్? నీళ్ళు తగిలితే అది ఉబ్బి పగిలిపోతాది. చచ్చిన పుప్పొడి కబురేం మోస్తాది? పాపం నీ పిందె చుట్టాల కోసం కూర్చుని కూర్చుని రాలిపోతాండాది!"

ఇద్దరూ పోయి రంగయ్యకు చెప్పారు. రంగయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "శివశివా! మహానంది నీళ్ళనే తప్పుపడ్తాండావా సాయిబూ?"

"నీళ్ళను ఎవరన్నారప్పా? టైఫాయిడు వచ్చినప్పుడు ఆ నీళ్ళు తాగి లేచినోణ్ణి నేను. మనిషికి అమృతం. నోట్లో పోసుకో, నెత్తిన పోసుకో. పువ్వు మీద పొయ్యొద్దంటాండా."

"ల్యాబొరేటరీలో బుడ్లు కడుక్కునేటోనివి, నాకు చెప్తాండావా? ఇంకొక్క మాట మాట్లాడితే నీ పేరు కూడా చేర్చి చెప్పి వస్తా."

"చేర్చుకో. మా తాతలు రంగులద్దుకుని బతికినారు. నేనూ అద్దుకుంటా. శనివారం బస్సుకు మేమూ వస్తాండాం" అన్నాడు సైదా సాహెబ్.

వస్తామన్నంత తేలిక కాదు. చేతిలో రుజువుండాలి. చెంబు మాట ఎత్తేసరికి యశోదమ్మ తనంతట తానే ముందుకొచ్చింది. "మంచి చెయ్యి, మంచి చెయ్యి అని అందరూ బండి కట్టుకుని వస్తారు. నిజంగా మంచిదో కాదో నాకూ తెలియాల గదా. నీ తడి డబ్బా నాకియ్. నా డబ్బా నువ్వు తీస్కో." బుధవారం పొద్దున రంగయ్య దోసిళ్ళు పోసి అటు తిరగగానే ఇద్దరూ డబ్బాలు మార్చుకున్నారు. ఎవరి దారం వాళ్ళే కట్టారు. శనివారం తెల్లవారగానే ఇరవై తెల్లదారం పిందెలు, ఇరవై పసుపుదారం పిందెలు తడిగుడ్డల్లో మూటలు కట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కారు. రంగయ్య ముందు సీటు, వీళ్ళు ముగ్గురూ వెనక సీటు. దారిపొడుగునా రంగయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

ఉమామహేశ్వరమ్మ గారు వసారాలో కుర్చీ మీద కూర్చుని ఉన్నారు. తెల్లచీర, వెండి ఫ్రేము కళ్ళజోడు. ఇరవై రెండేళ్ళకే భర్త పోతే, పొలాలు పంచుకుందామని వచ్చిన దాయాదులను గేటు దగ్గరనుంచే పంపించేసి, ముప్పై ఏళ్ళుగా సేద్యం తానే నడిపిస్తున్న మనిషి.

"ఈ ఏడు పిందె నిలవలేదంట, ఏం రంగయ్యా?"

"అందరివీ నిలిచినాయమ్మా. ఈ ఒక్కయమ్మవే రాలినాయి. ఈయమ్మ చెయ్యి మంచిది కాదు."

"చెయ్యి మంచిది కాదంటే? పని రాదా?"

"పనొస్తాదమ్మా."

"మరి? చేతికేమన్నా జబ్బా?"

"జబ్బు కాదమ్మా... అంటే... చెయ్యి మంచిది కాదమ్మా."

అంకమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"ఎందుకు మంచిది కాదో అమ్మగారికి చెప్పు సామీ. చెట్టు కింద నలభై మందికి చెప్పినావ్ గదా. ఈడ చెప్పు."

రంగయ్య నేల చూశాడు, పైకప్పు చూశాడు. ఎటు చూసినా ఉమామహేశ్వరమ్మ గారి బోసి చేతులే కనిపిస్తున్నాయి.

"ఈయన చెప్పలేడు తల్లీ, నేనే చెప్తా. మొగుడు పోయిన చెయ్యంట. అందుకని పువ్వు నిలవదంట" అంది అంకమ్మ.

ఉమామహేశ్వరమ్మ గారు తన రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఈ చేతులతోనే గదప్పా పదేండ్లుగా నీకు ప్రతి ఉగాదికీ విత్తనాల గంప ఎత్తిస్తాండా? నీ చేన్లో ఎప్పుడన్నా మొలవకుండా పోయినాయా?"

"అయ్యో, అమ్మా! మీ మాట వేరు..."

"ఏం వేరు?" అని ఆగి, అంకమ్మ వైపు తిరిగారు. "అయినా వినమ్మా. మాట బాగుందని నేను నిన్ను నిలుపుకోను. పిందెలు రాలిన మాట నిజమే గదా. ఎందుకు రాలినాయో చెప్పాల."

"నేను చెప్తే తప్పు. ఇవి చెప్తాయి" అని సైదా సాహెబ్ రెండు గొట్టాలు తీశాడు. రంగయ్య చెంబు నీళ్ళ సంగతీ, అంకమ్మ, యశోదమ్మ డబ్బాలెట్లా మార్చుకున్నారో చెప్పాడు. తెల్లదారం పిందెలు అమ్మగారి ముందే నలిపి, వడగట్టి ఒక గొట్టంలో, పసుపుదారం పిందెలు ఇంకో గొట్టంలో పోశాడు. సోడాకారం పోశాడు. మైలుతుత్తం వేశాడు. రెండూ ఒకేలాగ నీలంగా ఉన్నాయి.

నిమిషం గడిచింది. రెండూ నీలమే. రంగయ్య ముఖం కొంచెం తేటబడింది. అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బేగా చెప్పప్పా" అన్నారు అమ్మగారు.

"రంగు తొందరపెడ్తే వినదమ్మా" అన్నాడు సైదా సాహెబ్. ఒక కన్ను మూసుకున్నాడు.

తెల్లదారం గొట్టంలో ఉల్లిపొర కనిపించింది. తర్వాత వంగపువ్వు. ఆ తర్వాత నేరేడు. పసుపుదారం గొట్టం పొద్దుటి ఆకాశంలాగ నీలంగానే ఉండిపోయింది.

"తెల్లదారం అంకమ్మ చెయ్యి, పొడి డబ్బా. పసుపుదారం యశోదమ్మ చెయ్యి, తడి డబ్బా. చేతులు రెండూ మంచివే. తప్పంతా తడిది" అన్నాడు.

"మొదటిసారి నా చేతిలో పిందెలు రాలినాయమ్మా! ఇప్పటికన్నా బండ్లు కట్టుకుని రాకుండా ఉంటారేమో" అని యశోదమ్మ గాజులు గలగలలాడేలా చప్పట్లు కొట్టింది.

ఉమామహేశ్వరమ్మ గారు నవ్వు ఆపుకుని రంగయ్యను చూశారు. "ఆ చెంబు రేపట్నుంచి నీ దేవునిగూట్లో పెట్టుకో. ఆడ అది బాగుంటాది. ఇంకొకటి. వచ్చే సోమవారం కొత్త మడిలో మొదటి పువ్వు ఈయమ్మ చేత్తో కట్టించు. నువ్వు పక్కన నిలబడి చూడు."

"అట్లే అమ్మా" అన్నాడు రంగయ్య. తిరుగు బస్సులో మాత్రం వెనక సీటుకు వచ్చి కూర్చున్నాడు. నంద్యాల పొలిమేర వచ్చేదాకా కిటికీ బయటికి చూసి, "దారం ఏ రంగు కావాలమ్మా నీకు?" అని అడిగాడు.

"ఊదా" అంది అంకమ్మ.

మర్నాడు ఆదివారం. అంకమ్మ అర్ధశేరు వేరుశెనక్కాయలు మూటకట్టుకుని సైదా సాహెబ్ ఇంటికి వెళ్ళింది. ఆయన లేడు. అమీర్‌బీ వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతోంది.

"ఇన్నాళ్ళూ మీ గుడ్లు తిన్నాను అక్కా. పరీక్షకని రోజూ రెండు తెచ్చి, ఒకటి నాకు పారేస్తాంటాడు గదా."

"పరీక్షా? గుడ్డుకు పరీక్ష ఏందమ్మా? గుడ్డు నేరేడని ఆయనకు పదేండ్ల కిందే తెలుసు. పువ్వుపనికి కొత్తగా ఎవరన్నా సంగటీ కారం తెచ్చుకుంటే చాలు, పొద్దున్నే వచ్చి, 'బీబీ, పరీక్షకు రెండు గుడ్లు' అంటాడు. పోయినేడు హన్నమ్మ కోసం అడిగినాడు, ఈయేడు నీ కోసం. ఊరికే ఇస్తే ఎవరు తీసుకుంటారు చెప్పు? నువ్వు తీసుకుంటావా?"

"తీసుకోను" అంది అంకమ్మ నిజాయితీగా.

"మరి? అందుకే ముందు మీ సంగటిని తిట్టాల."

అంకమ్మకు ముందు నవ్వొచ్చింది. వెంటనే కోపమొచ్చింది. సున్నమన్న మాట ఇంకా మరచిపోలేదు మరి. ఆ రాత్రే కందిపప్పు నానేసి, పొద్దున లేచి గట్టిగా ముద్దపప్పు వండింది.

సోమవారం కొత్త మడిలో మొదటి పువ్వుకు ఊదా దారం కట్టింది. పక్కన నిలబడిన రంగయ్య చేతులు చెంబు లేక ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఖాకీ కోటు రాకముందే మూట విప్పి, పప్పు ముందుకు జరిపింది.

"చెయ్ సైదన్నా పరీక్ష."

చిటికెడు పప్పు గొట్టంలో పడింది. చుక్కలు పడ్డాయి. ఇద్దరూ చూస్తుండగానే గొట్టం ఉల్లిపొర దాటింది, వంగపువ్వు దాటింది, నేరేడై కూర్చుంది. అంత చిక్కని నేరేడు తోటలో ఎవరి సద్దిలోనూ రాలేదు.

సైదా సాహెబ్ ముఖం పడిపోయింది. చెయ్యి తనంతట తానే జేబులోని గుడ్డు మీదికి పోయింది, ఆగింది. గొట్టాన్ని ఎండకు పట్టాడు. ఎడమ కన్ను మూశాడు. అది తెరిచి కుడి కన్ను మూశాడు. చివరికి రెండు కళ్ళూ మూసుకుని అన్నాడు.

"ఉల్లిపొర."

తాతముత్తాతల నుంచి ఆ ఇంట్లో రంగు గురించి పుట్టిన మొదటి అబద్ధం అది.

"ఏమన్నావ్?"

"ఉల్లిపొరే. చానా పలచగుండాది. ఈ పప్పుతో పువ్వుపని కాదు" అంటూ గుడ్డు తీసి ముందు పెట్టాడు. "ఇది పరీక్షకు తెచ్చింది. మిగిలింది."

"సైదన్నా, అది నేరేడు. నాక్కూడా కండ్లుండాయి. గుడ్డు ఇయ్యాలంటే ఇయ్యి, నా పప్పును తిట్టొద్దు."

ఆయన గొట్టాన్ని గబగబా కోటు కింద దాచుకున్నాడు. చెట్టు కింద ఆడోళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. అంకమ్మ గుడ్డు ఒలిచి, సగం చేసి, ఒక సగం ఆయన చేతిలో పెట్టింది.